ఆరో కణుపు

సల్ఫైడు చుక్కలు పడగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన గదంతా కమ్ముకుంది. విజయకుమారి ముఖం పక్కకు తిప్పుకోలేదు. ముప్పై ఏడేళ్ళుగా ఆమె ఉదయాలకు ఆ వాసన అలవాటే. గాజుగిన్నె అడుగున పోసిన మైనం మీద, సన్నటి సూదుల మధ్య, తెల్లటి దారప్పోగు లాంటిది పరుచుకుని ఉంది. ఒక పురుగు నాడీతాడు అది. దాని పొడవునా ఆవగింజకన్నా చిన్న ముడులు, శరీరంలో కణుపుకొకటి. ఆరో కణుపు ముడిలో నల్లరంగు తేలడం కోసం ఆమె ఊపిరి బిగబట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని చూస్తోంది. ఆ చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది.

రంగు తేలింది. ముందు మసకగా, తర్వాత సిరాగీతలా.

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి, పోగును స్పిరిట్ గిన్నెలోకి మార్చి, గోడ గడియారం వైపు చూసింది. ఆరూ ఇరవై. స్లైడు తయారవడానికి ఇంకో గంట పడుతుంది. ఈలోగా పురుగుల పని చేసుకోవచ్చు.

కావలిలోని పాత కాలేజీలో జంతుశాస్త్ర విభాగం వెనక, ఒకప్పుడు అస్థిపంజరాలు దాచిన స్టోరు గది అది. విజయకుమారి రిటైరై ఆరేళ్ళయినా ఎవరూ తాళంచెవి అడగలేదు. ఆ గది ఇంకెవరికీ అక్కర్లేదు. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, గోడవారగా మూతలకు చిల్లులు పొడిచిన గాజుసీసాలు. సీసాల్లో వేలంత లావు గొంగళిపురుగులు, తోకమీద చిన్న కొమ్ముతో, కొన్ని పచ్చగా, కొన్ని మట్టిరంగులో. సముద్రం ఒడ్డున ఇసుకమీద పాకే బాలబందు తీగ ఆకే వాటి తిండి. ఆమె చీరచెంగు నడుంలో దోపుకుని సీసా తర్వాత సీసా వంచి, ఎండిన ఈనెలు, మిరియాల్లాంటి పెంటికలు దులిపి, లోపల తడిగుడ్డతో తుడిచింది. పొట్టి మనిషి. అరవై నాలుగేళ్ళకే మెడ ముందుకు వంగిపోయింది. వెండి ద్రావణాలు తగిలి తగిలి కుడి చూపుడువేలి గోరు శాశ్వతంగా నల్లబడింది. జీవితమంతా ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూడడం వల్ల ఎడమకన్ను చుట్టూ మాత్రమే ముడతలు దట్టంగా పడ్డాయి.

ఆమెది వరి పండించే ఇల్లు, విడవలూరు వైపు. పెళ్ళి మాటలు ఒకటి రెండుసార్లు వచ్చి, ఆమె తిరుపతిలో చదువుతూ ఉండగానే ఆగిపోయాయి. అక్కడే ఆమెకు ఒక ప్రశ్న దొరికింది. గొంగళిపురుగుకు పొట్టకింద మెత్తటి కాళ్ళుంటాయి. వాటితోనే కొమ్మను పట్టుకుంటుంది. పెరిగాక ఇసుకలోకి దూరి, బెల్లంరంగు ప్యూపాగా మారి, పదిహేను రోజుల తర్వాత గులాబీ చారల రెక్కలపురుగై బయటికొస్తుంది. దానికి ఆ పొట్టకాళ్ళు ఉండవు. కాలే లేనప్పుడు ఆ కాలిని లాగిన నాడీకణం ఏమవుతుంది?

చచ్చిపోతుందని ఆమె కనుక్కుంది. ప్యూపా అయిన మూడో రోజుకల్లా దాని జాడ ఉండదని రాసింది. ఆ వ్యాసంతో డాక్టరేటు వచ్చింది, ఈ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళకు పురుగుల మెదడు గురించి ఎవరో విదేశీయుడు రాసిన లావుపాటి పుస్తకంలో ఒక వాక్యం చివర ఆమె ఇంటిపేరు, వ్యాసం అచ్చయిన ఏడాది కనిపించాయి. ఆమె ఆ పేజీ జిరాక్సు తీయించి నాన్నకు పంపింది. ఇంగ్లీషు రాని ఆ రైతు దాన్ని పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని, పోయేదాకా వచ్చిన వాళ్ళకల్లా చూపించాడు. ఆమె మీద లోకం రాసింది ఆ ఒక్క వాక్యమే. అది తప్పని ఆమెకు తెలిసి ఎనిమిది నెలలైంది.

ఏడున్నరకు ముసలమ్మ వచ్చింది. జువ్వలదిన్నె నుంచి తెల్లవారి ఆటోలో చేపలబుట్టతో కావలి మార్కెట్టుకు వస్తూ, దారిలో తీగ మూట ఇక్కడ దింపి పోవడం ఆమెకు ఇరవై మూడేళ్ళ అలవాటు. గడపమీద కూర్చుని, తడిగోనె విప్పి, తీగ తగ్గిపోయిందనీ, ఇంతకోసం ఒడ్డున చాలాదూరం నడవాల్సి వచ్చిందనీ చెప్పింది. రెండు పురుగులు కూడా దొరికాయంటూ కొంగుముడి విప్పి అరచేతిలో పెట్టి చూపింది.

విజయకుమారి మంచి చీర కట్టుకుని ఉండడం ముసలమ్మ అప్పుడు చూసింది.

"ఏడికమ్మా పయనం?"

"కృష్ణపట్నం. సుకుమార్ ఉన్నాడే, వాడి దగ్గరికి."

ముసలమ్మ తీగ సర్దడం ఆపింది. ఒడ్డున ఈ పురుగులు ఏరిపెట్టమని ఆమెను మొదట అడిగింది సుకుమారే. అప్పుడు అతను విజయకుమారి దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి.

"పోండమ్మా," అంది. "ఆ పిల్లోడు చదువు మానేసి పోయే దినం మా ఒడ్డుకొచ్చినాడు. పడవచాటున కూర్చోని ఏడస్తా ఉన్న్యాడు. మీకు చెప్పొద్దన్న్యాడు. నేను చెప్పలా."

విజయకుమారి తీగ మూటను లోపలికి లాక్కుంది. ముసలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిది కావస్తుండగా స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, ఎడమకన్ను మూసి వంగింది. పసుపుపచ్చటి వెలుగులో ఆరో కణుపు ముడి తేలింది. ఎడమా కుడీ రెండు నల్లటి కణాలు, నీళ్ళచుక్క ఆకారంలో. పాత కొమ్మలన్నీ రాలిపోయి మొండిగా ఉన్నాయి. ఆ మొండి పక్కనుంచి సన్నటి కొత్త కొమ్మ ఒకటి బయల్దేరి, ఇంకా పుట్టని రెక్కలపురుగు పొట్టకండరం వైపు సాగుతోంది. ప్యూపా ఆరో రోజు. కాలు పోయినా కణం చావలేదు. ముడుచుకుని, ఆగి, వేరే పని వెతుక్కుంది.

ఇది పద్నాలుగో పురుగు. ఆమె నోటుబుక్కులో అంకె వేసి, పక్కన 'ఉంది' అని రాసింది.

ఇరవై రెండేళ్ళ కిందట సుకుమార్ ఇదే బల్లమీద ఇదే చూశాడు. పరుగున వచ్చి పిలిచాడు. ఆమె ఒక్క నిమిషం వంగి చూసి, రంగు పక్క కణంలోకి కారిందని, మళ్ళీ చెయ్యమని చెప్పింది. అతను మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ చెయ్యమంది. అలా రెండేళ్ళు. ఫెలోషిప్పు గడువు తీరిపోయింది. నీ చెయ్యి ఈ పనికి సరిపోదేమో అని ఒకరోజు ఆమె అంది. కోపంగా అనలేదు, నిజం చెప్తున్నాననుకునే అంది. మర్నాటి నుంచి అతను రాలేదు. పోయిన ఏడాది చివర బీరువా ఖాళీ చేస్తుంటే అతని స్లైడ్లపెట్టె దొరికింది. ఊరికే ఒకటి పెట్టి చూసింది. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి అన్నం వండుకోలేదు.

ఏప్రిల్లో నెల్లూరు డాక్టరు గుండె రక్తనాళంలో స్టెంటు వెయ్యాలన్నాడు. పద్నాలుగూ పూర్తయ్యాక చూద్దామని ఆమె వాయిదా వేసింది.

తొమ్మిదిన్నరకు బస్సెక్కింది. నెల్లూరులో దిగి కృష్ణపట్నం బస్సు మారింది. ముత్తుకూరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యలగుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. లారీలు ఒకదాని వెనక ఒకటి, పరదాల కింద బొగ్గుతో. దూరంగా పొగగొట్టాలు కనిపించేసరికి ఆమెకు ఎడమభుజం లాగింది. సంచిలోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు మనసులో ఇంకోసారి వరసగా పెట్టుకుంది.

సుకుమార్ కరెంటు ప్లాంటులో నీటి నమూనాలు పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాడు. భోజనం వేళకు గేటు బయటికొచ్చాడు. హెల్మెట్టు చంకలో, నారింజరంగు సేఫ్టీ కోటు, కణతల దగ్గర నెరుపు. ఆమె జ్ఞాపకంలో ఉన్న సన్నటి మెడ లేదు. రోడ్డవతల టీకొట్టు పరదా కింద బెంచీమీద ఇద్దరూ కూర్చున్నారు.

"మీరు రావడమేంది మేడమ్. ఫోన్ చేసుంటే నేనే వచ్చేవాణ్ణి గదా."

"ఫోన్లో చెప్పే మాట కాదు సుకుమార్."

బస్సులో వరసగా పెట్టుకున్న మాటలేవీ ఆమెకు గుర్తురాలేదు.

"నీ స్లైడ్లు కరెక్టు. రంగు కారలేదు. ఆ కణం చావదు. నేను రాసింది తప్పు."

టీ ఇచ్చి కొట్టు మనిషి వెళ్ళిపోయాడు. సుకుమార్ గ్లాసు అంచుకు అంటిన బొగ్గుపొడిని బొటనవేలితో తుడిచాడు.

"ఎన్ని చూసినారు?"

"పద్నాలుగు. పదకొండింట్లో ఉంది. మిగతా మూడూ నా చెయ్యి వణికి చెడిపోయినాయి."

"ఏ రోజు ప్యూపాలు?"

"ఆరో రోజువి."

"కొత్త కొమ్మ పక్కకే పోతాందా?"

"పక్కకే. నువ్వు గీసి చూపించినట్టే."

అతను తలాడించాడు. కాసేపు ఒక పరిశోధకుడు ఇంకో పరిశోధకురాలి లెక్క సరిచూసినట్టే ఉంది ఆ మాటలు వింటే. తర్వాత అతని ముఖం మెల్లగా మారింది.

"నా చెయ్యి సరిపోదన్నారు మేడమ్. నేను నమ్మినా. చెయ్యే అని నమ్మినా. మా నాయనకి అదే చెప్పినా, నాకు చేతకాలేదు నాయనా అని. ఆయన చెరువుకట్ట మీద అందరికీ చెప్పుకోనుండె, మావోడు డాక్టరవుతాడని. పోయినేడు పోయినాడు. నాకు చేతకాలేదనే అనుకోని పోయినాడు."

ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. దుమ్ము అణిగేదాకా ఆమె ఆగింది.

"నువ్వు మానేసిన ఏడాది మే నెలలో నాకు రీడరు పోస్టుకు ఇంటర్వ్యూ ఉండింది. ఆ వ్యాసం చూపించే వెళ్ళాను. నీ స్లైడ్లు ఒక పూట కూర్చుని సరిగ్గా చూసుంటే తెలిసేది. చూడలేదు. భయమో, పొగరో, నాకే తెలీదు. రెండూ కావచ్చు."

"ఇప్పుడు నన్నేమనమంటారు? పర్వాలేదనమంటారా?"

"వద్దు. అనొద్దు."

ఆమె సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. తన పాత వ్యాసం తప్పని, ఆ సంగతి మొదట ఎవరు ఎప్పుడు కనిపెట్టారో చెబుతూ పత్రికకు రాసిన సవరణ. పైన రెండు పేర్లున్నాయి. సుకుమార్ పేరు ముందుంది. నీ పేరు నీ అనుమతి లేకుండా పంపకూడదనీ, అడగడానికే వచ్చాననీ చెప్పింది. అతను చదవలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆలోచిస్తానని గానీ, ఆలోచించనని గానీ అనలేదు.

డ్యూటీకి వెళ్ళే వేళైంది. లేచి రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"మీరు తిన్యారా?"

ఆమె సంచి సర్దుకుంది.

"అప్పుడు గూడా మీరింతే, స్లైడ్ల మీదుంటే తిండి ఉండదు." వీపుకు తగిలించుకున్న సంచిలోంచి స్టీలు టిఫిన్ బాక్సు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మా ఇంటామె నిమ్మకాయ పులిహోర చేసింది. తినండి. నాకు క్యాంటీనుంది. బాక్సు మళ్ళెప్పుడన్నా ఇద్దురులే."

అతను గేటు దాటి, హెల్మెట్టు పెట్టుకుని, అదేరకం హెల్మెట్ల గుంపులో కలిసిపోయేదాకా ఆమె నిలబడింది.

తిరుగుబస్సు నెల్లూరు చేరేసరికి నాలుగైంది. బస్టాండులో సిమెంటు గట్టుమీద కూర్చుని ఆమె నెమ్మదిగా తింది. అప్పటికి తెలిసింది ఎంత ఆకలిగా ఉందో. తిన్నాక బయటి దుకాణం దాకా వెళ్ళి వచ్చింది. కావలి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కండక్టరు హజరత్తయ్యకు ఆమె ముఖం తెలుసు. ఆధార్ కార్డు చూడకుండానే ఆడవాళ్ళ ఉచిత టికెట్టు చింపి ఇచ్చి, అలసిపోయినట్టున్నారు మేడమ్, కావలి వస్తే లేపుతాలే అన్నాడు.

భారం దిగినట్టు ఆమెకు అనిపించలేదు. దిగుతుందని అనుకుని వెళ్ళలేదు కూడా. చెరువుకట్ట మీద కూర్చున్న ఎవరో ముసలాయన, తను ఎన్నడూ చూడని మనిషి, కళ్ళముందు కదులుతున్నాడు. అతనికి వెళ్ళి చెప్పే దారి లేదు. ఎనిమిది నెలల్లో ఆమె అన్నీ లెక్కవేసుకుంది, ఆ మనిషిని తప్ప.

దగదర్తి దగ్గర ఫోను మోగి ఆగింది. సుకుమార్ నుంచి సందేశం. కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

'ఏడో కణుపు గూడా చూసినారా మేడమ్?'

చూడలేదు. చెడిపోని పదకొండు స్లైడ్లలోనూ ఏడో కణుపు ముడి పక్కనే ఉంది, రంగు ఎక్కే ఉంది. ఆరో దాని మీదే కన్ను పెట్టి, ఒక్కసారి కూడా స్లైడు అటు జరపలేదు. ఆమె పెదవులు కదిలాయి. ఆ నవ్వు ఎదురుసీట్లో కూర్చున్నావిడకు కనిపించి, ఆవిడ కూడా ఊరికే నవ్వింది. 'లేదు. రేపు' అని టైపు చేసి పంపింది విజయకుమారి. భుజం మళ్ళీ లాగింది. మాత్ర కోసం సంచిలోకి పోయిన చెయ్యి అక్కడే ఆగింది. బయట కోసేసిన వరిచేలమీద పొద్దు పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. ఆమె తల కిటికీ ఊచకు ఆనించింది.

కావలి బస్టాండులో అందరూ దిగాక హజరత్తయ్య వచ్చి మేడమ్ అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండా, తలమీది టోపీ తీసి, డ్రైవరును కేకేశాడు.

నాలుగో రోజు, కబురు విని సుకుమార్ కావలి వచ్చాడు. వాచ్‌మన్ స్టోరు గది తలుపు తీసిపెట్టి ఉంచాడు. లోపల ముసలమ్మ సీసాల్లో ఆకులు వేస్తోంది. అతన్ని గుర్తుపట్టి పక్కకు జరిగింది.

"నాకు తెలిసినట్టు మేపుతుండానయ్యా. రెండు చచ్చినాయి. మిగతావి ఇసకలోకి పోయినాయి."

ఎక్కడ దహనం చేశారో అడిగాడు. వాళ్ళ ఊళ్ళోనే, తమ్ముడి కొడుకులు వచ్చి చేశారని చెప్పింది. అతను స్టూలు మీద కూర్చుని, చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండి, చివరికి మైక్రోస్కోపు దీపం వేశాడు. ఇరవై ఏళ్ళుగా ముట్టని ఫోకస్ మరను వేళ్ళు వాటంతటవే పట్టుకున్నాయి. మొదటి స్లైడులో ఆరో కణుపు కనిపించింది. అతను దాన్ని మెల్లగా ఒక పక్కకు జరిపాడు.

పదకొండు స్లైడ్లూ చూసేసరికి మధ్యాహ్నం దాటింది. తొమ్మిదింట్లో ఏడో కణుపులోనూ ఆ కణం బతికే ఉంది. జేబులోంచి రెండు కాగితాలు తీసి, అంచున ఆ అంకె రాశాడు. పైన రెండు పేర్ల వంక చూశాడు. తన పేరు కొట్టెయ్యలేదు. ఆమె పేరును ముందుకు తేనూ లేదు. కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. అప్పుడు అతనికి కళ్ళు కనిపించలేదు. ముసలమ్మ గడప దాటి బయటికి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడింది.

ఆమె చేతిసంచిని డిపో వాళ్ళు కాలేజీకి పంపించారు. ఎవరూ విప్పకుండా బల్ల చివర పెట్టారు. సుకుమార్ లేవబోతూ దాన్ని చూశాడు. సంచి మూతి నుంచి బల్లకాలు దాకా సన్నటి ఎర్రచీమల బారు ఉంది. సంచి తెరిస్తే పైనే న్యూస్‌పేపరు చుట్టిన తన టిఫిన్ బాక్సు. కాగితం విప్పాడు. బస్టాండు కుళాయి దగ్గర ఆమె దాన్ని కడిగి, గుడ్డతో తుడిచి, మూత బిగించింది. మూతమీద తన పెళ్ళినాడు చెక్కించిన భార్య పేరు, ధనలక్ష్మి, అక్షరాల గాడిలో చీమలు తిరుగుతున్నాయి. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని లోపల ఆమె రెండు మలైకాజాలు పెట్టింది.